వాషింగ్ మెషిన్ నీళ్లు బాత్రూమ్‌లో పొంగుతున్నాయా? మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు ఈ జాలీ తీసి చూడండి

మెషిన్ నీళ్లు వదలగానే బాత్రూమ్ నిండా నురగ. ఒక్కోసారి గడప దాటి హాల్లోకి కూడా వచ్చేస్తుంది. మెషిన్ పాడైందనుకుని చాలామంది ముందు సర్వీస్ సెంటర్‌కే ఫోన్ చేస్తారు. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ లాంటి చిన్న పట్టణంలో కంపెనీ టెక్నీషియన్ కోసం ఒకట్రెండు రోజులు ఆగాల్సి రావొచ్చు. తీరా వచ్చాక 'మెషిన్ బాగానే ఉంది, ప్లంబర్‌ను పిలవండి' అనే మాట వినాల్సి వస్తుంది. విజిటింగ్ ఛార్జీ మాత్రం కట్టాల్సిందే.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. నీళ్లు బయటకొచ్చి నేలమీద పొంగుతున్నాయంటే మెషిన్ తన పని తాను చేస్తున్నట్టే. పంపు పాడైతే నీళ్లు డ్రమ్ములోనే నిలిచిపోతాయి. అప్పుడు డిస్‌ప్లే మీద ఎల్‌జీలో ఓఈ, శాంసంగ్‌లో 5సీ లేదా 5ఈ, బాష్‌లో ఈ18 లాంటి కోడ్ వస్తుంది. అది మెకానిక్ పని. నేలమీద పొంగడం మాత్రం దాదాపు ఎప్పుడూ డ్రెయిన్ సమస్యే.

ముందు కరెంట్ సంగతి

నీళ్లు పొంగిన గదిలోకి చెప్పుల్లేకుండా వెళ్లి ప్లగ్ పీకడం చాలా ప్రమాదం. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేలమీద ఉంటే అసలు లోపలికి అడుగు పెట్టొద్దు. ముందు మెయిన్ బోర్డులో ఎంసీబీ దించేయాలి. ఆ తర్వాతే నీళ్లు తోడాలి. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించుకోవడం మంచిది. లీకేజీ కరెంట్‌ను గుర్తించి క్షణంలో సప్లై ఆపేసేది అదే. మామూలు ఎంసీబీ ఆ పని చేయదు.

రెండు బకెట్ల పరీక్ష

పెద్ద బకెట్లు రెండు నింపి ఒకదాని వెంట ఒకటి జాలీ మీద గబగబా కుమ్మరించండి. నీళ్లు నిలబడితే దోషం డ్రెయిన్‌దే. స్నానం చేస్తే పోయే నీళ్లు బట్టలు ఉతికితే ఎందుకు పొంగుతున్నాయన్న అనుమానానికి జవాబు కూడా ఇదే. మగ్గుతో పోసుకునే నీళ్లు నెమ్మదిగా వస్తాయి. చాలా ఫ్రంట్ లోడ్ మెషిన్ల పంపు నిమిషానికి 15 లీటర్లకు పైగానే తోస్తుంది. సగం మూసుకుపోయిన డ్రెయిన్ మొదటిదాన్ని తట్టుకుంటుంది, రెండోదాన్ని తట్టుకోలేదు.

ఇప్పుడు గ్లౌజులు వేసుకుని జాలీ తీయండి. దాని కింద ఉండేదాన్నే ప్లంబర్లు నాని ట్రాప్ అంటారు. అందులో ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి ఉంటుంది. మోరీ వాసన, పురుగులు పైకి రాకుండా ఆపేది ఆ నీరే. వెంట్రుకలు, బట్టల పీచు, సబ్బు జిడ్డు కలిసి ముద్దలా పేరుకునేదీ అక్కడే. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో ఈ జిడ్డు ఇంకా తొందరగా గట్టిపడుతుంది. లోపలి కప్పు ఊడివచ్చే రకమైతే బయటకు తీసి పాత బ్రష్‌తో రుద్ది మళ్లీ బిగించాలి. కొందరు ఆ కప్పును తీసి పక్కన పడేస్తారు. నీళ్లు బ్రహ్మాండంగా పోతాయి కానీ మర్నాటి నుంచి ఇల్లంతా కంపు, బొద్దింకలు.

బొద్దింకలు రాకుండా రెక్క ఉండే జాలీ పెట్టించుకున్నవాళ్లు దాన్నీ ఒకసారి చూడాలి. ఆ రెక్క నీటి వేగాన్ని బాగా తగ్గిస్తుంది. మెషిన్ పైపు కోసం మధ్యలో రంధ్రం ఉండే జాలీ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. అది నయం.

వెనిగర్, బేకింగ్ సోడా కలిపితే రీల్స్‌లో నురగ బాగా కనిపిస్తుంది. వెంట్రుకలను మాత్రం అది కరిగించదు. యాసిడ్ కూడా అంతే, పైగా టైల్స్ మధ్య సిమెంటును తినేస్తుంది. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. మరిగే నీళ్లు పోస్తే పీవీసీ పైపు మెత్తబడుతుంది. గోరువెచ్చటి నీళ్లు, ప్లంబర్ వాడే స్ప్రింగ్ వైరు చాలు.

పైపు పెట్టే పద్ధతి

పైపును ట్రాప్ అడుగుదాకా దూర్చి చుట్టూ గుడ్డ కుక్కితే గాలి ఆడదు, నీళ్లు వెనక్కి తంతాయి. పంపు ఉన్న ఫ్రంట్ లోడ్ మెషిన్లకు పైపు వంపు నేల నుంచి సుమారు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని చాలా మాన్యువల్స్ చెబుతాయి. సెమీ ఆటోమేటిక్‌కు ఇది వర్తించదు. దాని నీళ్లు పల్లానికే పోతాయి కాబట్టి పైపు కిందే ఉండాలి. పైపు చివర పాత సాక్స్ కడితే పీచు ఆగుతుంది, కానీ ప్రతి వాష్‌కూ కడగాలి. పౌడర్ ఎక్కువ వేసే అలవాటున్నా నురగ పక్క బాత్రూమ్ జాలీలోంచి కూడా పైకి లేస్తుంది.

ట్రాప్ శుభ్రంగా ఉన్నా పొంగితే..

ఇంటి బయట చాంబర్ మూత తీయండి. లోపల బాత్రూమ్ నిండి, చాంబర్ ఖాళీగా ఉంటే అడ్డు మధ్య పైపులో ఉన్నట్టు. స్ప్రింగ్ వైరుతో గానీ వెదురు బద్దతో గానీ ప్లంబర్ తీసేస్తాడు. చాంబర్ కూడా నిండి ఉంటే ఇంట్లో ఎంత కడిగినా లాభం లేదు. బయటి మోరీ అయినా మూసుకుపోయి ఉండాలి, సెప్టిక్ ట్యాంక్ అయినా నిండి ఉండాలి. ఇంట్లో జాలీలన్నీ ఒకేసారి పైకి తంతుంటే ట్యాంకు మీదే అనుమానం పెట్టుకోవాలి. నారాయణఖేడ్ 2018 నుంచి మున్సిపాలిటీ, కాబట్టి వీధి మోరీ అయితే మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ట్యాంకు ఖాళీ చేయడానికి పైపుతో లాగే వాహనాన్నే పిలవాలి. మనిషిని లోపలికి దించొద్దు. లోపల ఉండే విషవాయువులు నిమిషాల్లో ప్రాణం తీస్తాయి. రక్షణ పరికరాలు లేకుండా ట్యాంకులోకి దించి కడిగించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా.