ఉపగ్రహానికి కృష్ణా డెల్టా అడుగు కనిపిస్తుందా?

కృష్ణా డెల్టా పైకి చదునుగా కనిపిస్తుంది కానీ, అడుగున రాతి నేల అలా లేదు. బాపట్ల దగ్గర గట్టు, గుడివాడ దగ్గర లోయ, కైకలూరు దగ్గర మళ్ళీ గట్టు, బంటుమిల్లి దగ్గర మరో లోయ. నైరుతి నుంచి ఈశాన్యానికి సాగే ఈ ఎగుడుదిగుళ్ళను ఒండ్రు, అవక్షేప శిలలు మందంగా కప్పేశాయి. అవక్షేపాల్లో అయస్కాంతత్వం బహు తక్కువ. కింద ఉన్న చార్నోకైట్ వంటి రాళ్ళలో మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజం ఉంటుంది; కొండపల్లి వైపు అలాంటి రాళ్ళు పైకే తేలాయి. కాబట్టి అయస్కాంత కొలతలతో అడుగును అంచనా వేయడం సబబైన పనే. ఆ కొలతను ఉపగ్రహం నుంచి తీస్తే ఎంతవరకు నమ్మవచ్చన్నదే ప్రశ్న.

పరికరాల్లో లోపం వెతకడం కష్టం. ఐరోపా అంతరిక్ష సంస్థ 2013 నవంబరు 22న పంపిన మూడు స్వార్మ్ ఉపగ్రహాల్లో ఒక్కోదానికి నాలుగు మీటర్ల పొడవైన కడ్డీ (బూమ్) ఉంది. దాని కొసన అయస్కాంత క్షేత్ర తీవ్రతను కొలిచే పరికరం, నడుమ దిశను కొలిచే ఫ్లక్స్‌గేట్, దాని పక్కనే నక్షత్ర కెమెరాలు. ఉపగ్రహంలోని సొంత విద్యుత్ ప్రవాహాలు కొలతను పాడుచేయకుండా ఈ దూరం. శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య-ఎల్1 బూమ్ మీద కూడా సెన్సార్లను 3, 6 మీటర్ల దూరాల్లో అమర్చారు. రెండింటి తేడాను బట్టి నౌక సొంత క్షేత్రం ఎంతో లెక్కతేలుతుంది. ఇంత జాగ్రత్త పడ్డా స్వార్మ్‌లోని రెండు పరికరాల లెక్కలు కలవలేదు. ఆ తేడా సూర్యుడు ఏ కోణంలో ఉన్నాడన్న దాన్ని బట్టి మారుతోందని గమనించి, దాన్ని లెక్కగట్టి సరిచేశారు. కొలతను కొలతతోనే నిలదీసిన ఈ ఓపిక నాకు ఎంతో విలువైనదిగా అనిపిస్తుంది.

విజయవాడ నేల మీద మొత్తం క్షేత్రం సుమారు 42,000 నానోటెస్లాలు. అందులో అత్యధిక భాగం భూకేంద్రకానిదే. ఉపగ్రహం ఎత్తులో భూపటలం వాటా మహా అయితే కొన్ని పదుల నానోటెస్లాలు. పగలు అయనావరణంలో పారే విద్యుత్తు, సౌర తుపానులు ఆ కాస్తనూ మరుగుపరుస్తాయి. అందుకే ప్రశాంతమైన రాత్రుల కొలతలే ఏరుకుంటారు.

అసలు అడ్డంకి ఎత్తు. 450 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి, 1,000 కిలోమీటర్ల తరంగదైర్ఘ్యం గల మార్పు దాదాపు పదిహేడో వంతుకు తగ్గుతుంది. 450 కిలోమీటర్లదైతే సుమారు ఐదు వందల ముప్ఫయ్యో వంతుకు. 50 కిలోమీటర్లదానికి ఆనవాలే మిగలదు. బాపట్ల గట్టు, గుడివాడ లోయ ఈ చివరి కోవలోవి. మార్స్ గ్లోబల్ సర్వేయర్ నౌక కూడా అంగారకుడికి బాగా దగ్గరగా దిగినప్పుడు అక్కడి పటల అయస్కాంతత్వాన్ని మరింత స్పష్టంగా పట్టుకోగలిగింది.

కనుక ఉపగ్రహ పటంలో డెల్టా మీద కనిపించే రంగు మార్పును ఏదో ఒక గట్టుకు అంటగట్టడం సరికాదు. ఆ గట్లను చూడాలంటే తక్కువ ఎత్తున ఎగిరే విమాన సర్వేలు, నేల మీది కొలతలు, బోరు రాళ్ళు కావాలి. అయితే ముక్కలు ముక్కలుగా చేసిన విమాన సర్వేలను అతికించేటప్పుడు వందల కిలోమీటర్ల విస్తారంలోని మార్పులు చెదిరిపోతాయి. వాటిని సరిచేయడానికి ఉపగ్రహ కొలతలు తప్పనిసరి.