సోల్జర్‌పేట బడికి డబ్బు పెట్టినవాళ్లు

విశాఖ వన్‌టౌన్‌కి వచ్చిన చుట్టాలు రాస్‌ హిల్ ఎక్కుతారు. పక్కపక్కనే ఉన్న చర్చి, దర్గా, వెంకన్న గుడి చూసి, హార్బరు ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. సోల్జర్‌పేటలోని సెయింట్ అలోషియస్ బడి ముందు ఆగేవాళ్లు తక్కువ. ఆ బడి 1847లో మొదలైంది. అప్పటికి మా ఊరికి రైలు రాలేదు. హార్బరు రావడానికి ఇంకా ఎనభై ఏళ్లకు పైనే పట్టింది. మద్రాసు యూనివర్సిటీ అయినా మరో పదేళ్లకు గానీ పుట్టలేదు.

బడి పెట్టినవాళ్లు సవాయ్ ప్రాంతంలోని అన్నెసీ పట్నం నుంచి బయలుదేరి 1846లో ఇక్కడికి చేరిన ఫాదర్లు. ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరు పెట్టుకున్న సభ వాళ్లది. ఆల్ప్స్ కొండల చలిలో పెరిగినవాళ్లు మన ఉప్పుగాలికీ, ఉక్కపోతకీ, జ్వరాలకీ ఎలా తట్టుకున్నారో! ఇక్కడ వాళ్ల కోసం ఎదురు చూస్తున్నది ఎక్కువగా కంపెనీ కొలువు చేసి దిగిపోయిన తెల్ల సైనికుల కుటుంబాలు. సోల్జర్‌పేటకు ఆ పేరు ఊరికే రాలేదు. ఇంట్లో ఫ్రెంచి మాట్లాడుకునే మనుషులు, తెలుగు ఊళ్లో, ఐరిష్ సిపాయిల పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి పూనుకున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మరి డబ్బు? ఊళ్లో చాలామంది దొరలే ఇచ్చారనుకుంటారు. నిజానికి ఆ రోజుల్లో కతోలిక మిషన్లకు పెద్ద ఆధారం 1822లో ఫ్రాన్సులోని లియాన్‌లో పుట్టిన ఒక సంఘం. పౌలిన్ జారికో అనే యువతి పట్టు మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లను పదిమందేసి జట్లుగా కూర్చి, మనిషికి వారానికి ఒక్క ‘సూ’ చొప్పున వసూలు చేసే పద్ధతి నడిపింది. సూ అంటే చిల్లర కాసు. ఇచ్చినవాళ్లకు విశాఖపట్నం మ్యాపులో ఎక్కడుందో కూడా తెలిసి ఉండదు. మన బడుల చరిత్రలో కలెక్టర్లూ రాజాలూ కనబడతారు గానీ ఈ కూలి ఆడవాళ్లు కనబడరు. నా లెక్కలో మొదటి దండం వాళ్లకే.

1849లో అన్నెసీ సెయింట్ జోసఫ్ సిస్టర్లు వచ్చారు. ముందు దిగింది యానాంలో. అది ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది కదా, భాషకు ఇబ్బంది లేదు. అక్కణ్ణుంచి విశాఖ చేరి ఆడపిల్లల చదువు నెత్తికెత్తుకున్నారు. ఆడపిల్లను గడప దాటించడమే తప్పనుకున్న కాలమది. 1958లో జ్ఞానాపురంలో మహిళా కళాశాల తెరిచిందీ ఈ సభవారే.

1855లో మద్రాసు సర్కారు ప్రైవేటు బడులకు గ్రాంటు ఇచ్చే నిబంధనలు తెచ్చింది. తరువాతి కాలంలో మనం ‘ఎయిడెడ్’ అని పిలుచుకున్నదానికి మూలం అదే. ఇక్కడ ఎవరూ పెద్దగా చెప్పుకోని సంగతి ఒకటుంది. ఎయిడెడ్ పోస్టులో ఉన్న సిస్టరుకు సర్కారు జీతం వస్తుంది, కానీ అది ఆవిడ చేతిలో నిలవదు. పేదరికపు వ్రతం తీసుకున్నందువల్ల అది సభకే చెందుతుంది. ముప్పై ఏళ్లు టీచర్లుగా చేసి, రిటైరయ్యేనాటికి ఆ జీతంతో తమకంటూ సెంటు భూమైనా కొనుక్కోనివాళ్లు వీళ్లు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలావరకు ఇంగ్లండుకీ ఆస్ట్రేలియాకీ తరలిపోయాయి. బోర్డు మీద ‘ఆంగ్లో ఇండియన్’ అన్న మాట మిగిలింది. బెంచీల మీదకు పోర్టు గుమాస్తాల పిల్లలు, రైల్వేవాళ్ల పిల్లలు, కురుపాం మార్కెట్ వ్యాపారుల పిల్లలు వచ్చారు. ఎక్కువమంది హిందువులు, ముస్లింలు. ఒక ఫిర్యాదు మాత్రం ఉంది: కొన్ని కాన్వెంట్లలో తెలుగులో మాట్లాడితే జరిమానా వేసేవారు. అది మంచి పని కాదు. ఆ ఫాదర్లే తెలుగు నేర్చుకుని ఈ జనంలో తిరిగారని గుర్తుంటే వేసేవారు కాదేమో.

2021లో రాష్ట్ర సర్కారు ఎయిడెడ్ విధానాన్ని మార్చబోయింది. యాజమాన్యాలు బడిని ఆస్తులతో సహా తనకు అప్పగించాలి, లేదంటే ఎయిడెడ్ టీచర్లను వదులుకుని ప్రైవేటుగా నడుపుకోవాలి అంది. అక్టోబరులో జ్ఞానాపురంలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ‘ఫీజు పెరిగితే మా పిల్లల్ని ఎక్కడ వేయాలి?’ అన్నదే వాళ్ల బాధ. వాళ్లలో ఎంతమంది ఏ మతమో ఎవరూ లెక్క అడగలేదు. నవంబరులో ప్రభుత్వం కొంత వెనక్కి తగ్గి, యాజమాన్యాలు అప్పటికే ఇచ్చిన సమ్మతిని ఉపసంహరించుకోవచ్చంది.

అయినా ఖాళీ అయిన ఎయిడెడ్ పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కావడం లేదు. ఆ క్లాసుల్లో చెప్పే టీచర్లకు యాజమాన్యమే జీతమివ్వాలి, అదీ అరకొరగా. అమెరికాలోనూ గల్ఫులోనూ స్థిరపడిన మా పాత విద్యార్థులు డిసెంబరులో కలిసినప్పుడు బిర్యానీ సంగతి తేల్చుకునేముందు ఈ జీతాల సంగతి తేల్చుకుంటే బాగుండునని నా కోరిక.