అత్తమ్మ మాటలు ఏ ఫైల్లో దాచానో!

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది కదా. మా ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లో కొత్తది ఎక్కదన్నారు. మా అబ్బాయి లైనక్స్ వేసిచ్చి, "నీ ఫైళ్లన్నీ ఉన్నాయమ్మా, వెతుక్కో" అని కాలేజీకి వెళ్లిపోయాడు.

నాకు కావాల్సింది ఒక్కటే ఫైలు. 2009లో అత్తమ్మ చెబుతుంటే నేను టైపు చేసుకున్నది. మిరుగుకు ఏం వేయాలి, విత్తనం బూడిద కలిపి ఎట్లా దాచాలి, సజ్జ రొట్టె విరగకుండా ఎట్లా తట్టాలి, అన్నీ అందులోనే. ఇప్పుడు అడుగుదామంటే అత్తమ్మ లేరు. ఫైలుకి ఏం పేరు పెట్టానో గుర్తు లేదు.

పేరు తెలియకపోతే లోపలి మాటను బట్టి వెతకాలి. 1973 నాటికే యునిక్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన గ్రెప్ ఆ పని చేసేది. కానీ అది అడిగిన ప్రతిసారీ ఫైళ్లను మొదటి నుంచి చదవాలి, పప్పు కోసం డబ్బాలన్నీ మూతలు తీసి చూసినట్టు. ఏ మాట ఏ ఫైల్లో ఉందో ముందే పట్టిక రాసిపెట్టుకునే పద్ధతిని 2004లో గూగుల్ డెస్క్‌టాప్ ఇళ్లకు తెచ్చింది. 2005లో యాపిల్ వాళ్ల స్పాట్‌లైట్ వచ్చింది. ఇలాంటి వెతుకులాట కంప్యూటర్లలోనే కలిసి రావడంతో 2011లో గూగుల్ తన దాన్ని ఆపేసింది. లైనక్స్‌లో ఇప్పుడు రికాల్ అనేది ఉంది. రాత్రంతా దాన్ని పట్టిక రాసుకోనిచ్చి, పొద్దున "సజ్జలు" అని కొట్టాను.

నా కొత్త ఫైళ్లు వచ్చాయి. అత్తమ్మది రాలేదు.

కారణం తర్వాత అర్థమైంది. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది, 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఇళ్లలోకీ వచ్చింది. నేను మాత్రం 2009లో కూడా పాత డీటీపీ ఫాంట్‌లోనే కొట్టాను. అందులో తెరమీద కనబడేది తెలుగు, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. వెతికే యంత్రానికి ఆ వేషం తెలియదు, లోపలున్నదే చదువుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది, అత్తమ్మ ఏ కబురు మొదలుపెట్టినా 1972 కరువు దగ్గరికే వచ్చేవారు. ఆ ఫాంట్‌లో అంకెలు అంకెలుగానే ఉంటాయి. "1972" అని కొట్టగానే ఫైలు దొరికింది! తెరిస్తే అంతా పిచ్చిగీతలు. పాత డిస్కులోంచి ఆ ఫాంట్ తెచ్చి వేశాక అత్తమ్మ మాటలు కనబడ్డాయి. నేను కాసేపు ఏమీ చదవలేకపోయాను.

మా జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు పాత పంటల విత్తనాలు కాపాడుతున్నారు. దాచితే సరిపోదు, మళ్లీ మళ్లీ వేస్తేనే విత్తనం బతుకుతుంది. ఫైలూ అంతే. రోజుకో పేజీ యూనికోడ్‌లో మళ్లీ కొడుతున్నాను.

మీ దగ్గరా అలాంటి పాత తెలుగు ఫైళ్లుంటే, కంప్యూటర్ మార్చే ముందు ఫైలుతో పాటు దాని ఫాంట్ కూడా దాచుకోండి. పేరులో మనిషి పేరు, సంవత్సరం పెట్టండి. వీలు చూసుకుని యూనికోడ్‌లోకి మార్చుకోండి, చెప్పినవాళ్లు ఉండగానే అయితే ఇంకా మంచిది.