తరగతి గది పరిశోధన (భాషా బోధన)

భాషోపాధ్యాయులు తమ తరగతిలో ఎదురైన చిక్కుకు కారణం వెతికి, బోధన మార్చి, ఫలితాన్ని రాసుకుంటూ చేసే పరిశోధన. చర్యా పరిశోధన అనీ అంటారు. ఈ భావనను 1946లో కర్ట్ లెవిన్ ప్రచారంలోకి తెచ్చారు. ఉపాధ్యాయుడే పరిశోధకుడు కావాలన్న వాదానికి 1975లో లారెన్స్ స్టెన్‌హౌస్ బలమిచ్చారు.

తెలుగునాట ఆ పేరు పుట్టకముందే గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) ఈ దారి వేశారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో వెలువడింది. పిల్లల నోటి భాషను తప్పుగా కాక చదువుకు ఆధారంగా చూడడం ఆయన చేసిన గొప్ప మేలు.

చీరాల దగ్గరి మత్స్యకార గ్రామం వాడరేవు వంటి చోట్ల ఆ చూపు నేటికీ అవసరమే. పిల్లలు ‘భయం’ బదులు ‘బయం’ అని రాస్తే ఎర్రసిరా గీత చాలదు. డిక్టేషన్ పుస్తకాలు ముందేసుకుని, ఎవరు ఏ ఒత్తక్షరం వదిలేశారో తేదీలవారీగా పట్టిక వేయాలి. ఆ మాటనే పలికించి వినాలి. పలుకులో లేని ఒత్తు రాతలోకి రాకపోతే అది అశ్రద్ధ కాదు. పద్ధతి మార్చి కొన్ని వారాలు చెప్పాక, అదే డిక్టేషన్ మళ్లీ పెట్టి రెండు పట్టికలనూ పోల్చాలి. సిలబస్ తొందరలో ఎక్కువగా దాటవేసేది ఈ మెట్టునే.