మన కోడ్ ఏజెంట్ లోపల ఉండాలా, బయట ఉండాలా? ఎస్‌ఎన్‌ఎంపీ ఎక్స్‌టెన్షన్ల కథ

ఈ రోజు ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలవుతుంది. అక్కడి నుంచి 1988కి వెళ్తాం, చివర్లో మళ్ళీ ఆ తప్పు దగ్గరికే వస్తాం.

బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగం. మా సర్వర్లలో ఒకటి కస్టమర్లకి ఓటీపీ మెసేజ్‌లు పంపేది. క్యూలో ఎన్ని మెసేజ్‌లు ఆగిపోయాయో మానిటరింగ్ స్క్రీన్ మీద కనిపించాలని మా లీడ్ అడిగారు. నేను సీ లాంగ్వేజ్‌లో ఒక చిన్న మాడ్యూల్ రాసి, ఆ సర్వర్‌లో నడిచే ఎస్‌ఎన్‌ఎంపీ ఏజెంట్‌లోకి లోడ్ చేశాను. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. ఒక రోజు రాత్రి రెండింటికి నా మాడ్యూల్ చదివే ఫైల్ ఖాళీ అయింది. ఖాళీగా ఉంటే ఏం చేయాలో నేను రాయలేదు. మాడ్యూల్ క్రాష్ అయింది, దాంతో పాటు ఏజెంట్ మొత్తం పడిపోయింది. అదే రాత్రి ఆ సర్వర్ డిస్క్ నిండిపోయింది. డిస్క్ సంగతి చెప్పాల్సిన ఏజెంటే లేదు కాబట్టి అలారం రాలేదు. తెల్లారే దాకా ఒక్క ఓటీపీ కూడా వెళ్ళలేదు.

తిట్లు నైట్ షిఫ్ట్‌లో ఉన్న అన్నకి పడ్డాయి. "తమ్ముడూ, నేను నిద్రపోలేదురా. స్క్రీన్ మీద ఎర్ర లైటే వెలగలేదు" అన్నాడు నాతో. అప్పటికే నేను లాగ్ చూశాను, తప్పెవరిదో నాకు తెలుసు. అయినా మధ్యాహ్నం దాకా నోరు విప్పలేదు.

నేను చేసిన ఈ తప్పుకి ముప్పై ఏళ్ళ చరిత్ర ఉందని తర్వాత తెలిసింది. ఆ చరిత్రే ఈ ఎపిసోడ్.

ముందు ఏజెంట్ అంటే ఏంటో చూద్దాం. మీ ఫోన్ నుంచి ఒక మెసేజ్ వెళ్ళాలంటే మధ్యలో ఎన్నో రౌటర్లు, స్విచ్‌లు, సర్వర్లు దాటాలి. వాటిలో చాలావాటి లోపల ఒక చిన్న ప్రోగ్రాం కూర్చుని ఉంటుంది. "ఈ పోర్ట్ పనిచేస్తోందా? ఎన్ని బైట్లు వెళ్ళాయి?" అని మేనేజర్ ప్రోగ్రాం అడిగితే జవాబిస్తుంది. అదే ఏజెంట్. అడిగే పద్ధతి పేరు ఎస్‌ఎన్‌ఎంపీ. జెఫ్రీ కేస్, మార్క్ ఫెడార్, మార్టిన్ షాఫ్‌స్టాల్, జేమ్స్ డేవిన్ అనే నలుగురు రాసిన దాని స్టాండర్డ్ 1988 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 1067గా వచ్చింది. అప్పట్లో పెద్దల ప్లాన్ ప్రకారం ఇది తాత్కాలికం. సీఎంఐపీ అనే పెద్ద పద్ధతి వచ్చే దాకా దీంతో నెట్టుకొద్దాం అనుకున్నారు. ఆ పెద్దది ఇంటర్నెట్‌లో నిలబడలేదు, ఈ తాత్కాలికం ఇప్పటికీ నడుస్తోంది.

ఇందులో ప్రతి ప్రశ్నకీ ఒక నంబర్ ఉంటుంది. మన అడ్రస్ లాంటిదే: రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు, ఇంటి నంబర్. ఎస్‌ఎన్‌ఎంపీలో 1.3.6.1.4.1 అనే చోటుకి చేరితే అక్కడ సంస్థలకి స్థలాలు ఇస్తారు. ఐబీఎంకి 2, సిస్కోకి 9. ఐఏఎన్‌ఏకి అప్లై చేస్తే ఏ సంస్థకైనా ఉచితంగా ఒక నంబర్ వస్తుంది. దాని కింద ఎన్ని గదులు కట్టుకుంటారో మీ ఇష్టం. అంటే ఇది పెరుగుతుందని మొదటి రోజు నుంచే అనుకున్నారు.

అడ్రస్ ఇచ్చారు సరే, అక్కడ ఎవరు ఉంటారు? చిక్కు ఇక్కడే వచ్చింది. 1988లో వచ్చిన మొదటి లిస్టులో ఇంటర్‌ఫేస్‌లు, ఐపీ, టీసీపీ లాంటి నెట్‌వర్క్ లెక్కలే ఉన్నాయి. డిస్క్ ఎంత నిండిందో తెలియాలన్నా, మీ సొంత ప్రోగ్రాం సంగతి తెలియాలన్నా ఏజెంట్ సోర్స్ కోడ్ తెరిచి, మీ కోడ్ కలిపి, మళ్ళీ కంపైల్ చేయాలి. పోనీ నేనే ఇంకో ఏజెంట్ రాసుకుంటా అంటే కుదరదు. ప్రశ్నలు వచ్చేది యూడీపీ పోర్ట్ 161కి. ఆ తలుపు దగ్గర మామూలుగా ఒక్కరే నిలబడగలరు.

1991 మేలో దీనికి రెండు జవాబులు వచ్చాయి. మార్షల్ రోజ్ రాసిన ఎస్‌మక్స్ ఒకటి, ఐబీఎం వాళ్ళ డీపీఐ ఇంకొకటి. రెండిటి ఆలోచనా ఒకటే: తలుపు దగ్గర పెద్ద ఏజెంట్ ఉంటాడు, వెనక చిన్న ఏజెంట్లు వేరే ప్రాసెస్‌లుగా ఉంటారు. కానీ ఒకరిది ఇంకొకరికి పనికిరాదు.

ఇక 1995. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ క్యాంపస్. వెస్ హార్డేకర్ అక్కడి మెషీన్లని గమనించుకోవడానికి, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో స్టీవ్ వాల్డ్‌బుసర్ తయారుచేసి ఉచితంగా ఇచ్చిన ఎస్‌ఎన్‌ఎంపీ కోడ్‌ని తీసుకున్నాడు. దాన్ని సులువుగా పెంచుకునేలా మార్చాడు. ఆ ప్యాకేజీ పేరు యూసీడీ ఎస్‌ఎన్‌ఎంపీ. 2000లో దాని పేరు నెట్ ఎస్‌ఎన్‌ఎంపీగా మారింది. ఇప్పుడు చాలా లైనక్స్ సర్వర్లలో ఉండే ఏజెంట్ అదే. డేవిస్ నంబర్ 2021. ఈ రోజు కూడా లైనక్స్ సర్వర్‌ని లోడ్ ఎంతో అడిగితే జవాబు చాలాసార్లు ఆ 2021 కింద నుంచే వస్తుంది. ఒక క్యాంపస్ అవసరం కోసం కట్టిన గదిలో ప్రపంచం ఇంకా కాపురం ఉంటోంది.

ఈ ఏజెంట్‌ని పెంచడానికి ఇప్పుడున్న దారుల్లో నాలుగు చూద్దాం. ఒకటి, ఎక్స్‌టెండ్: కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక లైన్ రాస్తే, అడిగినప్పుడు మీ స్క్రిప్ట్ నడిచి జవాబిస్తుంది. రెండు, పాస్ పర్సిస్ట్: మీ స్క్రిప్ట్ ఒక్కసారి మొదలై, వచ్చే ప్రశ్నల కోసం పక్కనే కాచుకుని ఉంటుంది. మూడు, డీఎల్‌మాడ్: మీ సీ కోడ్ నేరుగా ఏజెంట్ మెమరీలోకి వెళ్తుంది. నాలుగు, ఏజెంట్ఎక్స్.

ఈ ఏజెంట్ఎక్స్ అనేది అందరూ ఒప్పుకున్న స్టాండర్డ్. మొదట 1998 జనవరిలో, తర్వాత సవరించి 2000 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 2741గా వచ్చింది. అద్దె ఇల్లు ఊహించుకోండి. డీఎల్‌మాడ్ అంటే ఓనర్ వంటింట్లోనే మీరూ వండుకోవడం. వేగంగా ఉంటుంది, కానీ మీ గ్యాస్ లీకైతే ఇల్లంతా పోతుంది. ఏజెంట్ఎక్స్ అంటే వేరే పోర్షన్. గేటు దగ్గర ఓనరే ఉంటాడు, మీకు వచ్చిన ప్రశ్న మీ తలుపు కింద నుంచి తోస్తాడు. మీరు జవాబివ్వకపోతే మీ నంబర్లకి మాత్రం ఎర్రర్ వెళ్తుంది, మిగతా ఇల్లు మామూలుగా నడుస్తుంది. బయటి నుంచి వచ్చే ప్యాకెట్ విప్పడం, వచ్చినవాడికి పర్మిషన్ ఉందో లేదో చూడటం కూడా ఓనర్ పనే.

ఆ ప్యాకెట్ విప్పే పని చిన్నదేం కాదు. 2002 ఫిబ్రవరిలో, ఫిన్లాండ్‌లోని ఔలూ యూనివర్సిటీ వాళ్ళు తప్పుడు ప్యాకెట్లు తయారుచేసి పరీక్షించిన ఫలితాలు బయటికొచ్చాయి. ఎన్నో పెద్ద కంపెనీల ఎస్‌ఎన్‌ఎంపీ ప్రోగ్రాంలు వాటికి పడిపోయాయని తేలింది. అలాంటి ప్రమాదకరమైన కోడ్ ఒక్క చోటే ఉంటే, బాగు చేయాల్సింది కూడా ఒక్క చోటే.

స్క్రిప్ట్ దారి అయినా పూర్తిగా క్షేమం అనుకోకండి. 2020లో నెట్ ఎస్‌ఎన్‌ఎంపీ ఎక్స్‌టెండ్‌లో ఒక లోపం బయటపడింది. ఏజెంట్‌లో రాసే పర్మిషన్ ఉన్నవాడు, దాని ద్వారా రూట్‌గా తనకిష్టమైన కమాండ్ నడిపించుకోగలడు. తర్వాత ఆ భాగాన్ని చదవడానికి మాత్రమే పరిమితం చేశారు.

ఇప్పుడు మళ్ళీ నా కథ. నాకు కావాల్సింది నిమిషానికి ఒక్క నంబర్. ఎక్స్‌టెండ్‌లో ఒక లైన్ రాస్తే సరిపోయేది. కానీ సీలో రాస్తే పెద్ద ఇంజినీర్‌లా కనిపిస్తానని డీఎల్‌మాడ్ పట్టుకున్నాను. ఆ రోజు సాయంత్రం లీడ్ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. మాడ్యూల్ తీసేసి, అదే పని ఒక చిన్న స్క్రిప్ట్‌తో చేశాను. ఏజెంట్ నుంచి జవాబు రాకపోతే దాన్నే ఒక అలారంగా పెట్టాం. అన్న నాతో వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒక రోజు టీ దగ్గర "చెప్పినందుకు థ్యాంక్స్‌రా, కానీ పొద్దున్నే చెప్పాల్సింది" అన్నాడు. ఆ మాట ఇంకా గుర్తుంది.

మీరు రేపు ప్రోమీథియస్ ఎక్స్‌పోర్టర్ రాసినా, ఇంకో కొత్త టూల్‌కి ప్లగిన్ రాసినా, మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నా కోడ్ చచ్చిపోతే, దాని పక్కనున్నది బతుకుతుందా? బతకదు అంటే, ఆ రాత్రి ఎవరో ఒక అన్న మీ వల్ల తిట్లు తింటాడు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.