స్పెయిన్ ఖైదీ, నాచారం అన్న

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో నాకు తెలిసిన ఒకాయన లేత్ షెడ్డు నడుపుతాడు. నేను ‘అన్నా’ అని పిలుస్తాను. ఇనుము సప్లై చేసే కంపెనీ పేరుతో ఆయనకో మెయిల్ వచ్చింది: మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి బిల్లు కొత్త ఖాతాకు పంపండి అని. పంపాడు. వారం తర్వాత అసలు కంపెనీవాళ్లు బాకీ అడిగితే గానీ సంగతి తెలియలేదు. తెలిశాక ఇంకో రెండు రోజులు ఇంట్లో కూడా చెప్పలేదు. ఉప్పల్‌లో చాయ్ తాగుతూ నాతో అన్నాడు: “పైసలు పోయినయని కాదు తమ్మీ, ఇంత తెల్వితక్కువోణ్ణి అయితినా అని సిగ్గయితుంది. ఎవరికన్న చెప్తే నవ్వుతరు. ఆ మెయిల్ గూడ డిలీట్ చేసిన.”

ఆ సిగ్గుకు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఫ్రెంచి విప్లవ కాలంలో పారిస్ జైళ్లలోని ఖైదీలు ధనవంతులకు రాసే దొంగ ఉత్తరాల గురించి, దొంగతనాలు మాని పోలీసు కొలువుకు మారిన విదోక్ 1828లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో చెప్పాడు. దొరగారి నగలపెట్టె ఒకచోట దాచాం, తీయడానికి కొంత సొమ్ము పంపితే మీకూ వాటా ఉంటుంది అన్నది వాటి సారాంశం. తర్వాతి కాలంలో అదే కథలోకి స్పెయిన్ జైల్లో మగ్గుతున్న ధనవంతుడొచ్చాడు. కథ ఏదైనా గుట్టు మాత్రం తప్పదు. వాటాకు ఆశపడి మోసపోయినవాడు ఏ ముఖం పెట్టుకొని పోలీసుల దగ్గరికి పోతాడు? మోసగాడికి కాపలా కాసింది ఆ సిగ్గే.

ఉత్తరాలు పోయి మెయిళ్లు వచ్చాక నైజీరియా చట్టంలోని 419వ సెక్షన్ ఇలాంటి మోసాలకు పేరైపోయింది. మనకు 1860 నాటి శిక్షాస్మృతి నుంచి ‘ఫోర్ ట్వంటీ’ తిట్టుగా దొరికింది. 2024 జులై 1న ఆ స్మృతి రద్దయినా తిట్టు మిగిలింది. 1990ల నడుమ అమెరికా ఆన్‌లైన్ సిబ్బందిమని చెప్పుకొని కొందరు పాస్‌వర్డులు అడిగి తీసుకునేవాళ్లు. ఆ గాలానికే ‘ఫిషింగ్’ అని పేరు పడింది.

ఇక్కడొక తేడా ఉంది. స్పెయిన్ ఖైదీ ఉత్తరం అత్యాశకు వేసిన ఎర. అన్న దేనికీ ఆశపడలేదు, ఇవ్వాల్సిన బాకీ నిజాయితీగా కట్టాడు. తప్పు చేయకపోయినా పాత సిగ్గు మాత్రం ఆయన నెత్తిన పడింది.

నాచారంలోనే ఎన్టీఆర్ స్టూడియో ఉంది. సినిమా సెట్టు ముందు నుంచి చూస్తే రాజమహలు, వెనక్కి పోతే చెక్కలూ మేకులూ. దొంగ మెయిలుకూ ఒక వెనక వైపు ఉంటుంది. పంపినవారి పేరు కాదు, చిరునామా అక్షరం అక్షరం చదవాలి. ఇంగ్లిషు ‘ఎమ్’ ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెడితే కన్ను పోల్చుకోలేదు. ఖాతా మారిందంటే ఆ మెయిల్లో ఉన్న నంబరుకు కాక, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చెయ్యాలి.

మోసపోతే మాత్రం, గంటలు లెక్క. 1930కి వెంటనే ఫోన్ చేస్తే, డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటుతుండగానే ఆపే వీలుంది. పాస్‌వర్డో ఓటీపీయో చెప్పి మోసపోయినవాళ్ల విషయంలో రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి సర్క్యులర్‌లో గీత గీసింది: బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మనది, చెప్పాక పోయేది బ్యాంకుది. అంటే సిగ్గుపడి ఊరుకున్న ప్రతి గంటకూ ఖరీదుంది.

చాయ్ దగ్గరే 1930కి ఫోన్ చేయించాను. డిలీట్ చేసిన మెయిల్ ట్రాష్‌లో దొరికింది. అది ఏ దారిన వచ్చిందో చెప్పే హెడర్లు అందులోనే ఉంటాయి గనక అది సాక్ష్యం. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదుకు జత చేశాం. తొమ్మిది రోజులు దాటిన డబ్బు మీద ఆయనకూ నాకూ పెద్ద ఆశ లేదు. కానీ ఆ ఖాతా నంబరు రికార్డుకెక్కింది.

ఇప్పుడు ఆ గల్లీలో ఎవరికి ‘ఖాతా మారింది’ అని మెయిల్ వచ్చినా ముందు అన్నకే చూపిస్తున్నారు. ఎవరూ నవ్వలేదు.