తల్లికి తలవంపులు ఎందుకు?

బిడ్డ దారి తప్పితే "తల్లి పెంపకం" అనే నింద నేటికీ సికిందరాబాదు ఇండ్లలో వినవస్తుంది. దీనికి కొంత చరిత్ర ఉన్నది. ఉర్దూ కవి హాలీ 1874లో వెలువరించిన 'మజాలిసున్నిసా'లో కుమారుణ్ణి తీర్చిదిద్దేది విద్యావతియైన తల్లి. ఆ ఆదర్శం బాలికల చదువును సమర్థించింది. కాని లోపం కనిపిస్తే తల్లినే వేలెత్తి చూపే వీలూ కల్పించింది. 1877లో నిజాం కొలువుకు వచ్చిన నజీర్ అహ్మద్ మాత్రం 'తౌబతున్నసూహ్' నవలలో పిల్లల పెంపకంలోని లోపానికి తండ్రి చేతనే పశ్చాత్తాపం ప్రకటింపజేశారు.

దివ్యఖుర్ఆన్ (2:233) పాలిచ్చే తల్లి అన్నవస్త్రాల భారం తండ్రిపై ఉంచింది. బిడ్డ మూలంగా ఆమెను బాధించరాదన్నది. దాది చేత పాలిప్పించడాన్నీ అనుమతించింది. మహాప్రవక్త (స) హజ్రత్ హలీమా వద్ద పాలు త్రాగి పెరిగారు. అది ఖురైషుల ఆచారమే గాని హజ్రత్ ఆమినాకు లోపం కాదు. తల్లి పాదాల చెంత స్వర్గమున్నదని చెప్పుకొనే మనం ఆమెను తలవంచుకొనేలా చేయడం తగునా?